మా అమ్మమ్మ, మీ టీచరమ్మ

(దివిసీమలో జరిగిన ఒక జ్ఞాపకార్థ కూడికలో మనవరాలు చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షత వహిస్తున్న అయ్యగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల మైత్రి సభ్యులకు, ఈ పేట నుంచీ ఊళ్ళో నుంచీ వచ్చిన పెద్దలందరికీ వందనాలు, నమస్కారాలు. రెండూ చెబుతున్నాను. ఆమె దగ్గర చదువుకున్నవాళ్ళలో చర్చికి వచ్చేవాళ్ళున్నారు, గుడికి వెళ్ళేవాళ్ళున్నారు, మసీదుకు వెళ్ళేవాళ్ళూ ఉన్నారు. ఇంత దూరం వచ్చి ఇంత ఎండలో కూర్చున్నందుకు మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

నా ముందు మాట్లాడిన పెద్దలు అమ్మమ్మను ప్రార్థనాపరురాలన్నారు, త్యాగమూర్తి అన్నారు. నిజమే. కానీ ఆ మాటల్లో నాకు తెలిసిన మనిషి పూర్తిగా కనబడలేదు. నాకు తెలిసిన మనిషి అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకుని, పుట్టిన తేదీ గడి దగ్గర పెన్ను ఆపి, ఎదురుగా చంటిదాన్ని ఎత్తుకుని నిలబడ్డ తల్లిని ప్రశ్న మీద ప్రశ్న అడిగే మనిషి. ఆమె గురించి చెప్పడానికి అక్కడి నుంచే మొదలుపెడతాను. ఆమె భక్తి కూడా నాకు అక్కడే అర్థమైంది.

ముందు ఉద్యోగం సంగతి చెప్పేస్తాను. ఎనిమిదో తరగతి పాసై, ట్రైనింగు చేసి, 1946లో హయ్యర్ గ్రేడ్ టీచరుగా ఈ పేటలోని మిషను బడిలో చేరింది. అప్పటికి మనం మద్రాసు కింద ఉన్నాం. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చింది. ఊరు కదలకుండానే ఆమె మూడు రాష్ట్రాల్లో పనిచేసింది. ఒకటి నుంచి అయిదు దాకా తరగతులు, ఒకటే గది. చాలా ఏళ్ళు టీచరు కూడా ఆమె ఒక్కతే. 1983 ఫిబ్రవరిలో రిటైరైంది. ఆ రిటైర్మెంటు వెనక ఒక కథ ఉంది, దానికి తర్వాత వస్తాను.

బడిలో పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లులకు పుట్టిన తేదీలు తెలిసేవి కావు. కాన్పులన్నీ ఇళ్ళలోనే. మంత్రసాని వచ్చేది, బొడ్డు కోసేది, వెళ్ళిపోయేది. కాగితం మీద ఎవరూ ఏదీ రాసేవాళ్ళు కాదు. అందుకని అప్పట్లో చాలా బళ్ళల్లో పంతుళ్ళు పిల్లవాణ్ణి ఎగాదిగా చూసి, అయిదేళ్ళు నిండాయని అంచనా కట్టి, జూన్ ఒకటో, జూలై ఒకటో వేసేసేవాళ్ళు. నేనూ టీచరునే, హైస్కూల్లో లెక్కలు చెబుతాను. పాత రిజిస్టర్లు తిరగేస్తే ఊరు ఊరంతా జూలై ఒకటినే పుట్టినట్టు ఉంటుంది. ఆ పంతుళ్ళను తప్పుపట్టను. వంద మంది పిల్లలుంటారు, పైనుంచి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే టెన్షన్, రిజిస్టరు నింపాలి.

అమ్మమ్మ మాత్రం అలా నింపేది కాదు. ఒక ఉదాహరణ చెబుతాను. మా ఇంట్లో ఉన్న ఆమె సొంత పుస్తకంలో ఆ లెక్క అంతా రాసి ఉంది. ఒక తల్లి కొడుకుని తీసుకొచ్చింది. ఎప్పుడు పుట్టాడమ్మా అంటే, "ఏమోనమ్మా, పుష్కరాల ఏడు" అంది. పుష్కరాల ఏడంటే 1968. కోతల ముందా, తర్వాతా? ముందే, కోతలింకా పడలేదు, ఆ ఏడు తను కోతకు వెళ్ళలేకపోయింది. దీపావళి అయిందా? అయింది. చీకటి రోజులా, వెన్నెల రోజులా? వెన్నెల. కార్తీక పౌర్ణమికి పక్కింటివాళ్ళు దీపాలు వదలడానికి కాలవకు వెళ్ళారు, అప్పటికి బిడ్డ పుట్టి రెండు రోజులు. పొద్దుటా, సాయంత్రమా? పొద్దుటే, చర్చి గంట కొట్టారు. అయితే ఆదివారం. అమ్మమ్మ పాత గోడ క్యాలెండర్లు ఒక్కటీ పారేసేది కాదు, మేకుకి ఒకదాని మీద ఒకటి తగిలించి ఉండేవి. 1968 క్యాలెండరు తీసింది. పౌర్ణమి నవంబరు 5, మంగళవారం. రెండు రోజులు వెనక్కి వెళ్తే 3, ఆదివారం. రిజిస్టరులో 3-11-1968 అని రాసింది.

ఆ తల్లికి ఆ తేదీతో ఆ రోజు ఏం పని? ఏమీ లేదు. ఎప్పుడు రాశారు, ఎందుకు రాశారు అన్నది కూడా ఆమెకు పట్టలేదు. కానీ మా అమ్మ అప్పుడు అక్కడే ఉందట. అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబు చెబుతూ ఆ తల్లి మెల్లగా నేల మీద కూలబడి, కాన్పు కబుర్లన్నీ చెప్పుకుందట. ఆ రోజు దాకా ఆవిణ్ణి ఆ సంగతి ఎవరూ అడిగి ఉండరు.

అమ్మమ్మకు ఈ పట్టుదల ఎందుకంటే, ఆమెకే పుట్టినరోజు లేదు. ఆమెను బడిలో వేసిన రోజున అప్పటి పంతులు గారు ఆమె వయసు అంచనా కట్టి 1-7-1926 అని వేశారు. వాళ్ళమ్మ లెక్క ప్రకారం ఆమె రెండేళ్ళు చిన్నది. చిన్నప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1983లో రాష్ట్ర ప్రభుత్వం రిటైర్మెంటు వయసుని 58 నుంచి 55కి తగ్గించింది. 55 దాటినవాళ్ళంతా ఆ ఫిబ్రవరి నెలాఖరుకి ఒక్కసారిగా ఇంటికెళ్ళారు. కాగితం మీద ఆమెకు 56. ఆ తర్వాత వయసుని మళ్ళీ 58కి పెంచారు గానీ, అప్పటికి ఆమె ఉద్యోగం అయిపోయింది. పంతులు గారి పెన్ను ఒక్క నిమిషం ఆగి ఉంటే ఆమెకు ఇంకా కొంత సర్వీసు ఉండేది. ఆ పంతులు గారిని ఆమె ఒక్క మాట అనడం నేను వినలేదు. తన పెన్ను మాత్రం చివరిదాకా ఆపింది.

ఆ రిజిస్టరులో ఇంకో గడి ఉంటుంది. కులం, మతం. దాని గురించి ఈ సభలో మాట్లాడటం కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. అయినా మాట్లాడాలి. 1950లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువు కాని దళితుడికి ఎస్సీ హోదా లేదు. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మన రాష్ట్రంలో 1970 నుంచి దళిత క్రైస్తవులను బీసీ-సి కింద పెట్టి ఒక శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఇవన్నీ మీకు తెలిసినవే, మన ఇళ్ళల్లో తిన్న దెబ్బలే. ఆదివారం చర్చిలో మొదటి బెంచీలో కూర్చునే తండ్రి, సోమవారం పిల్లవాణ్ణి తీసుకొచ్చి, తలొంచుకుని, "హిందూ అని రాయండమ్మగారూ, స్కాలర్‌షిప్పు పోతుంది" అనేవాడు. అమ్మమ్మ రాసేది. ఒక్క ప్రశ్న కూడా వేసేది కాదు. పుట్టిన తేదీకి అన్ని ప్రశ్నలు వేసే మనిషి ఈ గడి దగ్గర తల ఎత్తి కూడా చూసేది కాదు. ఆ తండ్రి మొహం చూడకూడదని.

తన ముగ్గురు పిల్లలకు మాత్రం క్రైస్తవ అనే రాసింది. మా మావయ్యకు దానివల్ల ఒక సీటు పోయింది. ఇంట్లో గొడవయింది. మావయ్య అడిగాడట, "ఊరందరికీ రాస్తావు, నాకెందుకు రాయవమ్మా?" అని. ఆమె చెప్పిన జవాబు మావయ్య ఈ రోజుకీ అలాగే చెబుతాడు: "వాళ్ళది ఆకలిరా. దాన్ని నేను తూచను. నాకు జీతం వస్తోంది, నేను నిజం రాయగలను." మావయ్యకు అప్పుడు కోపం వచ్చింది. ఆ కోపం న్యాయమైనదేనని నేనంటాను. ఆమె నిజాయితీకి ధర చెల్లించింది కొడుకు. అది ఆమెకూ తెలుసు, అందుకే ఆ సంగతి ఎత్తితే మౌనంగా ఉండిపోయేది. కానీ అదే నిజాయితీని కొలబద్దగా పట్టుకుని పక్కవాళ్ళ మీదికి వెళ్ళలేదు. భక్తి గల మనుషుల్లో ఇది నేను చాలా తక్కువగా చూశాను.

మన ప్రాంతానికి చదువు ఎలా వచ్చిందో ఒక్క మాట. 1841లో హెన్రీ ఫాక్స్, రాబర్ట్ నోబుల్ అనే ఇద్దరు మిషనరీలు బందరులో దిగారు. నోబుల్ గారు 1843లో పెట్టిన బడే తర్వాత నోబుల్ కాలేజీ అయింది. ఆ బడి ముఖ్యంగా పై కులాల పిల్లల కోసం. మన పేటల్లోకి చదువు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది. వచ్చింది కూడా భవనాల్లో కాదు, తాటాకు పాకల్లో. పగలు బడి, ఆదివారం అక్కడే ఆరాధన. ఆ పాకల్లో అక్షరాలు దిద్దించిన ఉపదేశుల పేర్లు, టీచరమ్మల పేర్లు చరిత్రలో పెద్దగా కనబడవు. దొరల పేర్ల మీద ఆసుపత్రులున్నాయి, కాలేజీలున్నాయి. అందులో తప్పేమీ లేదు, వాళ్ళు చేశారు. కానీ దొర వచ్చి గుర్రం దిగి వెళ్ళిపోయాక, మర్నాడు పొద్దున్న పలక పట్టించింది మన మనిషే.

అమ్మమ్మ బడికి కొన్నాళ్ళకు ఊళ్ళోని రైతుల పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు. లెక్కలు బాగా చెబుతుందని పేరు. వాళ్ళొచ్చాక మంచినీళ్ళ కుండ దగ్గర చిక్కు వచ్చింది. 1955లోనే అంటరానితనం నేరమని చట్టం వచ్చింది గానీ, ఆ చట్టం మా బడి కుండ దాకా నడిచి రావడానికి టైము పట్టింది. రెండో కుండ పెట్టమని కొందరు సలహా ఇచ్చారు. ఆమె పెట్టలేదు. వరండాలో ఇసుక పోసి దాని మీద ఒకటే కుండ, పక్కన లోటా. నీళ్ళు తనే ముంచి పోసేది. ఒక తల్లి వచ్చి, "మావాడికి ఇంటి నుంచి చెంబు పంపుతామండీ" అంది. "పంపండమ్మా, చెంబు మీదే, నీళ్ళు మాత్రం ఈ కుండలోవే" అని ఆమె జవాబు. ఆ పిల్లవాడు చాలా రోజులు గొంతెండబెట్టుకుని కూర్చున్నాడు. ఒంటిపూట బడులు వచ్చాయి, ఎండలు ముదిరాయి. ఒకరోజు లెక్క మధ్యలో లేచి వచ్చి దోసిలి పట్టాడు. ఆమె పోసింది. మెచ్చుకోలేదు, ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ వెళ్ళి లెక్క పూర్తి చెయ్యమంది. ఆయన ఈ సభలో ఉన్నారు. ఈ సంగతి చెప్పమని నాతో అన్నది ఆయనే.

ఆమె కొట్టేది. ఆ మాట కూడా చెప్పాలి, లేకపోతే మీరే నవ్వుతారు. తొడపాశం పెడితే రెండు రోజులు కమిలి ఉండేది. గోడకుర్చీ వేయించేది. ఈ రోజు నేను మా బడిలో అలా చెయ్యను, చెయ్యకూడదు కూడా. కానీ ఒక సంగతి గమనించండి. లెక్క రానివాణ్ణి ఆమె కొట్టలేదని అందరూ చెబుతారు. చింతపిక్కలు ముందు పోసి, వాడి పక్కన నేల మీద కూర్చుని, వచ్చేదాకా చెప్పేది. కొట్టింది అబద్ధమాడినవాణ్ణి, పక్కవాణ్ణి కులం పేరుతో తిట్టినవాణ్ణి.

ఇప్పుడు ఆమె విశ్వాసం గురించి. ఆమె మనసులో చెరగని ముద్ర వేసిన మనిషి అజరయ్య బిషప్ గారు. తిరునల్వేలి వైపు తమిళ కుటుంబంలో పుట్టి, తెలుగు నేర్చుకుని మన మధ్యే బతికినవారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. అప్పట్లో మన కృష్ణా జిల్లా సంఘాలు ఆయన దోర్నకల్ డయాసిస్, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల ప్రాంతం, కిందే ఉండేవి. బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తల మీద చెయ్యి పెట్టించి, "నేను సువార్తను ప్రకటింపక పోయినయెడల నాకు శ్రమ" అని పలికించేవారు. అమ్మమ్మ కన్ఫర్మేషన్, అంటే విశ్వాసంలో స్థిరపరిచే ఆరాధన, ఆయన చేతుల మీదుగానే జరిగింది. 1945 జనవరి ఒకటిన ఆయన చనిపోయారన్న కబురు వచ్చినప్పుడు పేటలో కొత్త సంవత్సరం ఎవరూ చేసుకోలేదని చెప్పేది.

అయితే అంత బరువైన మాట తల మీద చెయ్యి పెట్టుకుని పలికిన మనిషి, బడిలో ఒక్క పిల్లవాడికీ మతం మారమని చెప్పలేదు. పొద్దున్న ప్రార్థన ఉండేది, మిషను బడి కాబట్టి. అంతే. నేను పెద్దయ్యాక అడిగాను. "అమ్మమ్మా, మరి నువ్వు సువార్త ఎప్పుడు ప్రకటించావు?" అని. ఆమె నా వైపు వింతగా చూసి, "రోజూ హాజరు వేశాను కదే" అంది. నాకు అప్పుడు అర్థం కాలేదు. వివరించమంటే, బైబిలు తీసి యెషయా నలభై మూడో అధ్యాయం చూపించింది. "పేరుపెట్టి నిన్ను పిలిచియున్నాను నీవు నా సొత్తు." ఆ వచనం కింద బలపంతో గీసినట్టు మందంగా గీత ఉంది. మన పేటలో పిల్లల్ని ఊళ్ళోవాళ్ళు ఒరేయ్, ఏమే అనేవాళ్ళు, లేదా తండ్రి పేరుకి తోక తగిలించి పిలిచేవాళ్ళు. పొద్దున్నే ఒక మనిషి పుస్తకం తెరిచి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు పిలవడం, ఆ పిల్ల లేచి నిలబడి "ప్రెజెంట్ టీచర్" అనడం ఆమెకు ఆరాధనలో భాగం.

ఇంట్లో ప్రార్థన కూడా హాజరు పట్టీ ప్రకారమే. రాత్రి అన్నాలయ్యాక లాంతరు దగ్గర కూర్చుని, ఆ రోజు బడికి రానివాళ్ళ పేర్లు ముందు చెప్పేది. "ప్రభువా, ఫలానా పిల్ల మూడు రోజులుగా రాలేదు" అని. ప్రార్థన చేసి ఊరుకోదు. మర్నాడు బడి అవగానే ఆ ఇంటికి వెళ్ళేది. ఒక్కోసారి జ్వరం. ఎక్కువసార్లు ఊడ్పులకో, కోతలకో, చంటిపిల్లను చూసుకోవడానికో ఆపేసి ఉండేవాళ్ళు. మన సంఘాల్లో ఆడవాళ్ళు వంట చేసేటప్పుడు కుండలోంచి పిడికెడు బియ్యం తీసి దేవుని కోసం విడిగా ఉంచే ఆచారం మీకు తెలుసు. అమ్మమ్మ రెండు పిడికిళ్ళు తీసేది. ఒకటి చర్చికి. రెండోది ఇంకో కుండలో. బడి మాన్పించిన ఇంటికి వెళ్ళేటప్పుడు కొంగులో ఆ బియ్యం ఉండేది. చంటిపిల్లను బడికే తీసుకు రమ్మనేది. ఈ సభలో కొందరు అక్క చంకలో ఎక్కి బడికి వచ్చి, అక్షరాలు వచ్చాకే బడిలో చేరినవాళ్ళున్నారు.

ఇక 1977. ఈ గడ్డ మీద నిలబడి ఆ మాట ఎత్తకుండా ఆమె గురించి మాట్లాడలేను. నవంబరు 19, శనివారం. ముందు రోజు నుంచే గాలి. పొద్దున్న కొద్దిమంది పిల్లలే వచ్చారు. వాన ముదురుతోందని వాళ్ళను ఆమె ఇళ్ళకు పంపేసింది. సాయంత్రానికి సముద్రం వచ్చేసింది. ఉప్పెన అంటే ఏమిటో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. ప్రభుత్వ లెక్కే పదివేల దాకా. అసలు లెక్క దేవుడికి తెలుసు.

పంపేసిన పిల్లల్లో కొందరి ఇళ్ళు పల్లంలో ఉన్నాయి. వాళ్ళు మిగల్లేదు. బడిలోనే ఉంచుకుని ఉంటే అని ఆమె ఆ తర్వాత బతికినన్నాళ్ళూ తనను తానే ప్రశ్నించుకుంది. బడి కప్పు కూడా ఎగిరిపోయింది, గోడ కూలింది, ఉంచినా ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. మేమెంత చెప్పినా ఆ ప్రశ్న ఆమెను వదల్లేదు. మనం ఆమెను మహా ధైర్యవంతురాలంటాం గానీ, గాలి శబ్దం వస్తే ముసలితనంలో కూడా లేచి కూర్చునేది.

ఆ రాత్రి వాళ్ళు ఒక డాబా మీద ప్రాణాలు దక్కించుకున్నారు. నీళ్ళు తీశాక ఇంట్లో ఏమీ మిగల్లేదు. అటక మీద మైనపు గుడ్డలో చుట్టి పెట్టెలో పెట్టిన ఆమె సొంత పుస్తకం మాత్రం బురదలో దొరికింది. బడి రిజిస్టరులో రాసిన ప్రతిదీ ఇంటి దగ్గర ఆ పుస్తకంలో మళ్ళీ రాసుకునేది. పేరు, తండ్రి పేరు, ఇల్లు, పుట్టిన తేదీ, రెండు పుట్టుమచ్చలు. పేజీలు విడదీసి ఎండబెట్టారు. తర్వాత రోజుల్లో సాయం జాబితాలు రాయడానికి అధికారులు వచ్చారు. కొట్టుకుపోయిన ఇంట్లో ఎంతమంది ఉండేవాళ్ళో చెప్పడానికి కాగితం లేదు, కొన్నిచోట్ల మనిషీ లేడు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయిన ఇళ్ళ పిల్లల కోసం దూరపు ఊళ్ళ నుంచి మేనమామలు వచ్చారు. పిల్లల్ని పోల్చుకోలేని స్థితి. అమ్మమ్మ పుస్తకం తీసి, "కుడి మోచేతి కింద ఒక మచ్చ, ఎడమ చెవి వెనక ఒకటి" అని చదివేది. వాళ్ళు వెళ్ళి చూసుకునేవాళ్ళు.

డిసెంబరులో చర్చి కప్పు లేకుండానే ఆరాధన మొదలైంది. బయటి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చారు. ఈ ఉప్పెన మన పాపాలకు దేవుడు పంపిన శిక్ష అని చెప్పారు. అమ్మమ్మ లేచి నిలబడింది. ఆ రోజుల్లో ఆరాధన మధ్యలో ఆడమనిషి లేచి మాట్లాడటం ఎవరూ ఎరగరు. "అయ్యగారూ, నా మూడో తరగతిలో ఏడుగురు పోయారు. పేర్లు చదువుతాను. ఒక్కొక్కరి పాపం ఏమిటో చెప్పండి" అంది. చదవడం మొదలుపెట్టింది. మూడో పేరు దగ్గర ఆ ప్రసంగీకుడు కూర్చున్నారు. ఆమె మాత్రం ఆపలేదు, ఏడు పేర్లూ చదివింది. తర్వాత కీర్తన ఎత్తుకోమని పక్కావిడకు చెప్పి కూర్చుంది.

దేవుడు ఎందుకు ఆపలేదని ఆమెను నేనడిగాను, ఉడుకు రక్తం వయసులో. తెలియదంది. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం ఆమెకు చేతకాదు. లెక్కల్లో అయినా, వేదాంతంలో అయినా. "నాకు జవాబు తెలియదు. కానీ వాళ్ళ పేర్లు ఆయన మర్చిపోలేదని నమ్ముతాను. నేనే మర్చిపోలేదు, ఆయన మర్చిపోతాడా?" అంది. ఇంతకు మించి మంచి జవాబు నేను ఏ ప్రసంగంలోనూ వినలేదు.

ఆమె రిటైరయ్యే నాటికి నేను చిన్నపిల్లను, ఆమె దగ్గరే ఉండి చదువుకున్నాను. అంటే బడి పోయింది గానీ టీచరు పోలేదు, మొత్తం నా మీద పడింది. పొద్దున్నే ఎక్కాలు. పదిహేనో ఎక్కం తడబడితే కాఫీ లేదు. సాయంత్రం బైబిలు వంతులవారీగా చదవాలి. నేను ఒత్తులు మింగితే ప్రార్థన మధ్యలో కూడా కళ్ళు తెరిచి సరిదిద్దేది. "దేవుడికి అర్థమవుతుందిలే అమ్మమ్మా" అంటే, "ఆయనకవుతుంది, రేపు ఇంటర్వ్యూలో కూర్చున్నవాడికి అవ్వాలి" అనేది. శనివారం రాత్రి తెల్లచీర మడతపెట్టి దిండు కింద పెట్టుకునేది, ఇస్త్రీకి. కానుక డబ్బులు నా జేబురుమాలు కొసకి ముడివేసి ఇచ్చేది. ఆ ముడి చర్చిలోనే విప్పాలి. క్రిస్మస్‌కి అరిసెలు వండితే మొదటి వాయి మాకు కాదు, ఊళ్ళోకి, తన పాత పిల్లల ఇళ్ళకు. వాళ్ళు సంక్రాంతికి తిరిగి పంపేవాళ్ళు. అలా మాకు రెండు పండగలకూ అరిసెలే.

నేను టీచరయ్యాక మొదటి రోజు సాయంత్రం ఇంటికి వస్తే, ఎలా జరిగిందే అని అడగలేదు. "ఎంతమంది రాలేదు?" అని అడిగింది. నేను సంఖ్య చెప్పాను. "సంఖ్య కాదు, పేర్లు" అంది.

ఇప్పుడు మన బడి లేదు. ఎయిడెడ్ బళ్ళు ఎలా సన్నగిల్లాయో, 2021లో వాటి సిబ్బందిని ప్రభుత్వ బళ్ళలోకి ఎలా తీసుకున్నారో మీరంతా చూశారు. దాని మీద ఇప్పుడు మాట్లాడను, వేరే సభ పెట్టుకుని మాట్లాడుకోవాల్సిన విషయం. ఆమె సొంత పుస్తకం మాత్రం ఉంది. అంచులకు ఉప్పెన నాటి బురద మరక ఇంకా ఉంది. రిటైరైన తర్వాత కూడా రాస్తూనే వచ్చింది. ఫలానా అబ్బాయి ఆర్టీసీలో కండక్టరు. ఫలానా అమ్మాయి గుంటూరులో నర్సు, ఇద్దరు పిల్లలు. ఫలానావాడు తాగుతున్నాడు, వెళ్ళి మాట్లాడాలి. ఆ చివరి మాట పక్కన, మాట్లాడాక, టిక్కు పెట్టింది. చూపు తగ్గాక నా చేత రాయించేది. చివరి సంవత్సరంలో మమ్మల్ని గుర్తుపట్టడం తగ్గింది. నన్ను అమ్మ పేరుతో పిలిచేది. కానీ 1962 నాటి మూడో తరగతి హాజరు వరస తప్పకుండా చెప్పేది.

ఆ పుస్తకాన్ని అద్దాల పెట్టెలో పెట్టాలని సంఘంలో కొందరు అడిగారు. వద్దని మా కుటుంబం అనుకుంది. దాంట్లో ఇంకా పని మిగిలి ఉంది. చాలా పేర్ల పక్కన ఖాళీ ఉంది. 1958లో చేరిన ఒక అమ్మాయి పేరు పక్కన "రెండో తరగతితో ఆగింది, బెజవాడ వైపు పనికి" అని మాత్రమే ఉంది. ఆమె ఉంటే ఇప్పుడు డెబ్భై దాటి ఉంటుంది. ఆ పేరు మీద అమ్మమ్మ ఎన్నోసార్లు ప్రార్థన చెయ్యడం నేను విన్నాను. అలాంటివి ఇంకా ఉన్నాయి.

అందుకని పుస్తకం మొత్తం జెరాక్స్ తీయించి, సంవత్సరాల వారీగా కట్టలు కట్టి, చర్చి వెనక భోజనాల పందిట్లో బల్ల మీద పెట్టాం. కులం, మతం ఉన్న గడి మాత్రం మూసేసి తీయించాం. అది ఎవరూ చూడక్కర్లేదు. భోజనాలయ్యాక మీ ఏడాది కట్ట తీసుకోండి. ముందు మీ పేరు చూసుకోండి, తర్వాత మీ పక్కన కూర్చున్నవాళ్ళ పేర్లు చూడండి. వాళ్ళు ఎక్కడున్నారో తెలిస్తే రాయండి, ఫోన్ నంబరు ఉంటే మా తమ్ముడికి విడిగా ఇవ్వండి, కాగితం మీద వద్దు. పోయినవాళ్ళుంటే ఏ సంవత్సరమో రాయండి. పెన్సిళ్ళు అక్కడే ఉన్నాయి. రాయడం రానివాళ్ళకు మా బడి పిల్లలు ఇద్దరు సాయం చేస్తారు. వాళ్ళు ఒకటికి రెండు ప్రశ్నలు అడుగుతారు, విసుక్కోకండి.

వందనాలు.